పటంలో బొట్టు

మా ముందుగదిలో ఒక పాత క్యాలెండరుంది. సంవత్సరం అయిపోయి నెలలు గడిచినా తీయబుద్ధి కాలేదు. అందులో తోట వైకుంఠం గారి బొమ్మ. అచ్చుబొమ్మే లెండి, అసలుది కొనాలంటే పొలం అమ్ముకోవాలి! నల్లగా నిగనిగలాడే ముఖం, ఎర్రచీర, చేతినిండా గాజులు, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. మీరూ ఎక్కడో ఓచోట చూసే ఉంటారు.

ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో చదివి, బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకుని, చివరికి తన ఊరి ఆడవాళ్ళనే బొమ్మల్లోకి తెచ్చుకున్నారు. ఆయన ఎరుపు ఎరుపే, పసుపు పసుపే.

మా గరిడేపల్లిలో నాట్ల కాలంలో సాగర్ ఎడమ కాలువ నీళ్ళకి పొలాలన్నీ పచ్చబడతాయి. ఆ బురదలో వంగిన ఆడవాళ్ళు మాత్రం చీరమీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని ఉంటారు. మరి వైకుంఠం గారి బొమ్మ అబద్ధమా? ఆయనకు వాళ్ళ కష్టం తెలియదందామా అంటే, గడీలో నలిగిపోయిన ఆడదాని కథ 'దాసి' సినిమాకు (1988) కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నదీ ఆయనే.

ఈ సందేహం ఇలా ఉండగానే ఓరోజు మా ఇంట్లో పనిచేసే పెద్దమ్మ చీపురు పట్టుకుని క్యాలెండరు ముందు ఆగిపోయింది.

"ఈమెకు పనేం లేదా బిడ్డా, గిట్ల కూసున్నది?"

"అది బొమ్మ పెద్దమ్మా."

"బొమ్మని నాకెరుక లేదా!" అని కాసేపు చూసి, "నేను గూడ గంత బొట్టే పెట్టుకుంటుంటి" అంది.

ఆమె భర్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్కాట్లండు నుంచి పెప్లో, కాడెల్, ఫెర్గూసన్, హంటర్ అనే చిత్రకారులు ఫ్రాన్సు వెళ్ళి రంగుల వ్యామోహంలో పడ్డారట. పెప్లో ఎన్ని గులాబీలు వేశాడో! గులాబీకి ఎరుపు పెట్టడానికి ఎవరి అనుమతి కావాలి? మన దగ్గర ఎరుపుకీ ఒక లెక్కుంది. పెళ్ళికి ముందునుంచీ, ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ ఉన్న బొట్టును మొగుడితో పాటు పంపించేస్తాం.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నా మొదటి నవలలో ఒక వితంతువుకి తెల్లచీర కట్టించి బాగా ఏడిపించాను. పాఠకులూ ఏడ్చారు. పెద్దమ్మేమో నీలంరంగు పాలిస్టరు చీర కడుతుంది, జోకులేస్తుంది. నేను రాసినదానికంటే వైకుంఠం గారు వేసిందే ఆమెకు దగ్గరగా ఉంది. బొమ్మలోని ఆమెను గోడమీద కూర్చోబెట్టి, నిజం మనిషికి గడప దగ్గర వేరే గ్లాసులో టీ పోస్తున్నది నేనే కదా.

మర్నాడు కుంకుమ భరిణె తెచ్చి, "పెట్టనా పెద్దమ్మా?" అన్నాను. సిగ్గుపడింది.

"వద్దులే. ఊళ్ళె ఒక్కొక్కరికి ఏమని చెప్పుకుంట తిర్గాలె?" అని, వెళ్ళబోతూ ఆగి, "ఆ బొమ్మ నీకక్కరలేకుంటే నాకియ్యరాదు" అంది.

చుట్టచుట్టి ఇచ్చాను.

"కవర్ల పెట్టియ్యి బిడ్డా, మొగులయితున్నది" అంది.