పాతదైతే నిజమేనా?

మా బడికి గాం గంటందొర బొమ్మను పటం కట్టించాలని రామచంద్రపురంలో ఒక కొట్టుకు వెళ్లాను. అక్కడ గోడకు రవివర్మ లక్ష్మీదేవి పటం ఉంది. "నూరేళ్ల నాటిదండి మాస్టారూ, అసలుది" అన్నాడు కొట్టాయన.

ఆ మాటను ఎలా తూచాలి? కాగితం పసుపెక్కడం సాక్ష్యం కాదు. ఎండ, పొగ కొత్త కాగితాన్నీ ముసలిదాన్ని చేస్తాయి. కింద ఉన్న పేరూ చాలదు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రాలు పెట్టాడు. 1906లో ఆయన పోయినా ఆయన పేరుతో అచ్చులు సాగాయి. కాబట్టి భూతద్దం పెట్టి చూశాను. ఆ రోజుల్లో ఒక్కో రంగుకు ఒక్కో రాయి. రాతిమీద చేత్తో పెట్టిన చుక్కలు ఒకేలా ఉండవు. ఈ పటంలో చుక్కలు వల అల్లినట్టు వరసగా ఉన్నాయి. అంటే ఫొటో తీసి వేసిన తర్వాతి అచ్చు.

సరే, నిజంగా పాతదే అనుకుందాం. అయినా చిత్రాన్ని ఉన్నదున్నట్టు దించిందా? రాతిమీద బొమ్మను తిరగేసి గీయాలి. అలా గీయకపోతే అచ్చులో కుడి ఎడమవుతుంది. రంగులు, ముఖకవళికలు నకలు దించే చేతిని బట్టి మారతాయి. అచ్చు తప్పులేకుండా వచ్చినా, లక్ష్మికి ఆ ముఖం, ఆ చీర ఇచ్చింది చిత్రకారుడి ఊహే కదా! నకలు చిత్రానికి సాక్ష్యం. చిత్రంలోని మనిషికి కాదు.

అప్పుడు నా చేతిలోని బొమ్మ గుర్తొచ్చింది. 1922లో మొదలై 1924 దాకా సాగిన రంపా పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన దొర ఆయన. బొమ్మ మాత్రం చిత్రకారుడు ఊహతో గీసినది. అయినా దాని కింద "అసలు రూపం" అని రాయించాలనుకున్నాను. మన పిల్లలకు చూపడానికి మన వీరుల ముఖాలు తక్కువ. వాళ్లకు గర్వం కావాలి. అందుకోసం చిన్న అబద్ధం ఆడితే తప్పా?

తప్పే అనుకుంటున్నాను. మన గురించి ఎవరో ఊహించి రాసినవి, గీసినవి నిజాలుగా చెలామణి అయ్యాయని మనం బాధపడుతుంటాం. అదే పని మనమే చేస్తే ఆ బాధకు విలువేముంది? పైగా ఎప్పుడో ఒకరోజు పిల్లవాడికి ఆ అబద్ధం తెలిస్తే, పోరాటాన్నే అనుమానిస్తాడు.

"గాం గంటందొర. చిత్రకారుడి ఊహ" అని రాయించాను. పోరాటం నిజం, ముఖం ఊహ. రెండూ విడివిడిగా చెప్పినా మా పిల్లల గర్వం తగ్గలేదు. "అయితే మేమూ గీస్తాం సార్" అని కాగితాలు తెచ్చుకున్నారు.