మునిగేది ఎవరి ఊరు?

తెలుగువాళ్ళకి దూరపు భవిష్యత్తు మీద ఉన్న ధైర్యం దగ్గరి భవిష్యత్తు మీద లేదు. ‘ఆదిత్య 369’ మనల్ని 2504కి తీసుకెళ్ళింది, ‘కల్కి’ ఏకంగా 2898కి. అంత దూరంలో ఎంతమందిని చంపినా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అదే 2077లో నాగాయలంక అనుకుని కథ మొదలుపెట్టండి, చెయ్యి ఆగుతుంది. ఇవాళ అక్కడ అంగన్‌వాడీకి వెళ్ళే పిల్లకి అప్పటికి అరవై కూడా నిండవు.

2077 అంటే దివిసీమ ఉప్పెనకి వందేళ్ళు. 1977 నవంబరు 19న పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా. అంతకుముందు 1864లో బందరు తుఫానుకి ముప్పై వేలమంది అంటారు. ఆ నేల మీద మునక ఊహ కాదు, జ్ఞాపకం. దాన్ని హైదరాబాదులో కూర్చుని కథ కోసం మళ్ళీ ముంచే హక్కు నాకుందా? గుడివాడ మిత్రుడొకడు ఇంకా సూటిగా అడిగాడు: “అక్కడ ఎకరం అమ్మి పిల్ల పెళ్ళి చెయ్యాల్సినవాళ్ళున్నార్రా. ఊరు మునుగుద్దని నువ్వు రాస్తే కొనేదెవడు?”

ముంచొచ్చనే నా ఉద్దేశం. కాకపోతే ‘ప్రళయం’ అనే మాట జోలికి పోకూడదు. ప్రళయంలో అందరూ సమానంగా పోతారు, కాబట్టి నేరం ఎవరిదీ కాదు. మన సైన్స్ ఫిక్షన్‌కి ఈ పురాణాల సదుపాయం బాగా అలవాటైపోయింది. ఉప్పెన అలా కాదు. 1977లోనూ తాటాకు గుడిసెలో ఉన్నవాడికీ, డాబా ఎక్కగలిగినవాడికీ అది ఒకటే రాత్రి కాదు.

రాబోయే మునకకైతే లెక్కలు కూడా ఉన్నాయి. డెల్టా అంటేనే నది మోసుకొచ్చిన ఒండ్రు. అది శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో ఆగిపోతుంటే చివర నేల పెరగదు, సముద్రం కోసుకుంటూ వస్తుంది. మడ అడవులు తగ్గి, రొయ్యల చెరువులు పెరిగి, శివారు భూములకి కాలవ నీళ్ళు అందక, బోర్లలో ఉప్పు ఎక్కుతుంది. ఇందులో రోబోలు లేవు. సంతకాలున్నాయి, అప్పులున్నాయి, ఓట్లున్నాయి.

అందుకే నా కథలో అల ఉండదు. 2077లో గుడివాడ తహసీల్దారు ఆఫీసు ముందు ఒక వరస ఉంటుంది. నీళ్ళ కింద ఉన్న ఎకరానికి పట్టాదారు పాసుపుస్తకం చెల్లుతుందా అని అడగడానికి వచ్చిన జనం. ఆ వరసలో కౌలురైతు మనవరాలు కూడా నిలబడి ఉంటుంది. ఆవిడ చేతిలో ఏ పుస్తకమూ లేదు, వాళ్ళ తాత చేతిలోనూ ఎప్పుడూ లేదు.