సరదాకి అన్న మాట



ఈసారి పుస్తకానికి సమ్యక్ వాక్కు గురించి రాయమన్నారు. అష్టాంగ మార్గంలో మూడోది. అబద్ధం, చాడీ, పరుషం, వృథా మాట, ఈ నాలుగూ వదిలిపెట్టడం అని మనందరికీ నోటికొచ్చు. నేనూ ఎన్నో వందనల్లో మైకు పట్టుకుని చెప్పినవాణ్ణే. అందుకని ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను.

రెండేళ్ళ కింద ఒక ఆదివారం. విహారం నిండా జనం. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చోండని మైకులో చెప్తున్నాను. ఒక ఉపాసిక వెంట పంతొమ్మిదేళ్ళ మనిషి లోపలికొచ్చి నడి మధ్యలో ఆగిపోయింది. మాకందరికీ అప్పటికి ఆ ఉపాసిక కొడుకుగానే తెలుసు. జుట్టు పెంచుకుంది, చెవులకి చిన్న కమ్మలు. ఎటు కూర్చోవాలో తెలియక నిలబడింది. నేను మైకు దించకుండానే "ఏందిరా, నువ్వు ఎటూ కావా?" అన్నాను. హాలంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో ఇంకో మాట కూడా విసిరారు. ఆ మాట ఇక్కడ రాయను, మీకు తెలుసు, సినిమాల్లో దానికి ఈలలు పడతాయి. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మేము త్రిశరణం మొదలుపెట్టాం. ఆ రోజు నా ప్రసంగం మైత్రి మీద.

నెల తర్వాత తల్లి కనబడింది. "అన్నా, ఊర్లె అందరు అంటనే ఉంటరు, అలవాటైంది. మనోళ్ళే నవ్విన్రని రెండు రోజులు అన్నం ముట్టలే. పట్నం పోయిండు. ఫోన్ ఎత్తుతలేడు" అన్నది. "సరదాకి అన్నానమ్మా" అన్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు.

ఆమె అట్లా ఊరుకోవడం తట్టుకోలేకనే వినయ పిటకం తెరిచాను. పాచిత్తియ నియమాల్లో రెండోది ఓమసవాదం. అంటే ఎదుటి మనిషిని తక్కువ చేసే మాట. ఛబ్బగ్గియులని పేరుపడ్డ ఒక గుంపు భిక్షువులు, బుద్ధిగా ఉండే తోటి భిక్షువులతో పోట్లాడి వాళ్ళ పుట్టుక, పేరు, గోత్రం, పని, వృత్తి, రోగం, ఒంటి తీరు పట్టుకుని తిట్టారు. అప్పుడు భగవానుడు పెట్టిన నియమం అది. ఏ మాటలు అనకూడదో అక్కడ వివరంగా ఉంది. చండాలుడని అనకూడదు, పుక్కుసుడని అనకూడదు. తోలు పనివాడని, బుట్టలల్లేవాడని, మంగలివాడని దెప్పకూడదు. అతి పొట్టి, అతి నలుపు అని వెక్కిరించకూడదు. మన తాతముత్తాతలు పడ్డ తిట్లు అక్కడ వరసగా రాసి ఉన్నాయి. చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ తర్వాత సిగ్గేసింది.

ఎందుకంటే ఇంకో రెండు సంగతులున్నాయక్కడ. తక్కువగా చూసే మనిషిని కావాలని గొప్ప మాటతో పిలిచి ఎగతాళి చేసినా అది ఓమసవాదమే. "మేడమ్ గారొచ్చారు, కుర్చీ వెయ్యండ్రా" అని పళ్ళికిలించడం ఉందే, అదన్నమాట. రెండోది సరదా సంగతి. అవమానించాలనే ఉద్దేశం లేకుండా ఉత్త హాస్యానికి అన్నా దానికి 'దుబ్భాసితం' అని వేరే తప్పు రాసిపెట్టారు. చిన్న తప్పే, కానీ తప్పే. నాకు దాక్కునే చోటు లేకుండా పోయింది.

ఈ నియమం పెట్టినప్పుడే బుద్ధుడు నందివిశాలుడనే ఎద్దు కథ చెప్పాడు. తక్షశిలలో ఒక బ్రాహ్మణుడు, వంద బండ్లు ఒక్క ఎద్దు లాగుతుందని వెయ్యికి పందెం కాశాడు. కాడి కట్టాక ఎద్దుని తిట్టి అదిలించాడు. ఎద్దు కదల్లేదు. పందెం పోయింది. ఇంటికొచ్చి ఏడుస్తుంటే ఎద్దే అడిగింది: నీ ఇంట్లో నేను ఏనాడైనా కుండ పగలగొట్టానా, ఎవర్నైనా కుమ్మానా, నేను కానిదాన్ని పట్టుకుని నన్ను ఎందుకన్నావు? ఈసారి రెండు వేలకి కాయి, మంచిమాటతో పిలువు అంది. అతను మంచిమాటతో పిలిచాడు. వంద బండ్లూ కదిలాయి. "నేను కానిదాన్ని పట్టుకుని నన్ను ఎందుకన్నావు?" మా విహారంలో నడి మధ్యలో నిలబడిన పిల్ల నన్ను అడగాల్సిన ప్రశ్న అదే.

మీరు ఒకటి ఆలోచించండి. పేరు కోసం మనంత కొట్లాడిన వాళ్ళెవరు? 1917లో బెజవాడలో పంచముల మహాసభ అని పిలిచారు. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరే ఒప్పుకోలేదు. మేము ఐదోవాళ్ళం కాదు, ఈ నేల మొదటి మనుషులం అని ఆది ఆంధ్ర మహాసభగా మార్పించాడు. 1938లో బొంబాయి శాసనసభలో 'హరిజన' అన్న మాటని చట్టంలో పెట్టబోతే బాబాసాహెబ్ తన పార్టీ సభ్యులతో బయటికి నడిచాడు. జాలిపడి పెట్టిన పేరైనా వద్దన్నారు. మనం ఎవరమో మనమే చెప్పుకుంటాం అన్నారు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్ల గురించి చెప్పింది కూడా ఇదే. తాను ఆడో మగో మూడో లింగమో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే.

మన హైదరాబాదు సంగతి చాలామందికి తెలియదు. నిజాం కాలంలో, 1919లో, నపుంసకుల చట్టం అని ఒకటి వచ్చింది. అనుమానం పేరు చెప్పి ఊళ్ళో ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించాలి. ఆడబట్ట కట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకెళ్ళొచ్చు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకంలో ఉంది. పుట్టుకని నేరం చేసి రిజిస్టరు తెరవడం మనకి కొత్త కాదు. స్టూవర్టుపురం ఎరుకలవాళ్ళని అడగండి, చెప్తారు. 1871లో బ్రిటిష్‌వాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో ఒక భాగం తెగల మీద, ఇంకో భాగం హిజ్రాల మీద. ఒకే చట్టం, రెండు సంకెళ్ళు.

"మనోళ్ళలో అట్లాంటోళ్ళు లేరు" అని ఒక పెద్దాయన నాతో వాదించాడు. ఉన్నారు. ఇల్లు అద్దెకి అడిగితే ముందు కులం అడుగుతారు, తర్వాత గొంతు విని తలుపేస్తారు. రెండు దెబ్బలూ ఒకే ఒంటి మీద. ఇంకొకాయన "వినయంలో పండకులకి పబ్బజ్జ వద్దన్నారు కదా" అన్నాడు. ఉంది, దాచను. అప్పులున్నవాళ్ళకి, రాజు కొలువులో ఉన్న సైనికులకి, దాసులకి, కొన్ని రోగాలున్నవాళ్ళకి కూడా అక్కడే వద్దని ఉంది. అది చీవరం గురించి. త్రిశరణం ఎవరికీ వద్దనలేదు. అదే వినయంలో, ఒక భిక్షువుకి స్త్రీ లక్షణం వచ్చినప్పుడు బుద్ధుడు ఏం చేశాడో కూడా ఉంది. వెళ్ళగొట్టలేదు. ఉపాధ్యాయుడు అదే, ఉపసంపద అదే, గడిచిన వర్షావాసాల లెక్క అదే, ఇకనుంచి భిక్షుణులతో ఉండమన్నాడు, అంతే. ఆ మనిషి సీనియారిటీ కూడా పోనివ్వలేదు చూడండి.

బాబాసాహెబ్ ఇలాంటివి పట్టించుకోలేదని అనుకుంటారు. మరాఠీలో రఘునాథ్ కర్వే నడిపిన 'సమాజ్ స్వాస్థ్య' పత్రికలో పాఠకులు లైంగిక విషయాల మీద అడిగిన ప్రశ్నలకి జవాబులిచ్చారని అశ్లీలం కేసు పెడితే, 1934లో కర్వే తరఫున వాదించింది ఆయనే. కేసు ఓడిపోయాడు. లైంగిక విషయం రాసినంత మాత్రాన అశ్లీలం కాదన్న వాదన మాత్రం వదల్లేదు.

జబ్బు అనేవాళ్ళకి ఒక్క మాట. స్వలింగ ఆకర్షణని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. తాయెత్తు కట్టించకండి. పెళ్ళి చేస్తే సర్దుకుంటుందని ఇంకో ఆడపిల్ల బతుకు కూడా బుగ్గి చెయ్యకండి.

ఇక మాటలు. మన తెలుగు వ్యాకరణంలోనే ఒక మెలిక ఉంది. మగవాడొక్కడే మహత్తు. ఒక్క ఆడమనిషి గురించి చెప్పాలంటే పశువుకీ రాయికీ వాడే 'వచ్చింది'నే వాడతాం. కానీ అదే తెలుగులో 'వారు', 'వచ్చారు', 'గారు' కూడా ఉన్నాయి. వాటికి ఆడా మగా లేదు. మన పెద్దల పేర్ల చివర 'గాడు' తగిలించి 'గారు'ని ఎవరు దాచుకున్నారో మీకు చెప్పనక్కర్లేదు. మనకి అందనివ్వని ఆ మాటని మనం ఇంకొకరికి అందకుండా పట్టుకోవడం ఏం న్యాయం? హిజ్రా అనేది గురువూ చేలాల కుటుంబంలో బతికేవాళ్ళు తమని తాము పిలుచుకునే పేరు. ట్రాన్స్‌జెండర్లందరూ హిజ్రాలు కారు. గే, లెస్బియన్ అంటే ఎవరిని ప్రేమిస్తారన్న సంగతి, అది వేరు. ఇవన్నీ గుర్తుండకపోతే పరవాలేదు, "ఏమని పిలవమంటారు?" అని అడగండి. పాత పేరేంటి, ఆపరేషనైందా అని మాత్రం అడగొద్దు. మీ ఒంటి సంగతి ఎవరైనా సభలో అడిగితే ఎట్లుంటుంది?

మా విహారంలో ఇప్పుడు కుడి ఎడమల మాట తీసేశాం. ఎవరికి వీలైన చోట వాళ్ళు కూర్చుంటారు. పెద్దవాళ్ళు కొందరు గొణిగారు, ఒకరిద్దరు రావడం మానేశారు, మళ్ళీ వచ్చారు.

తల్లి దగ్గర నంబరు తీసుకుని నేను ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తింది. మైకులో అన్నదానికి క్షమించమని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఏమని పిలవమంటావమ్మా అంటే, "మా అమ్మ ఇప్పుడు బిడ్డా అంటుంది సార్. మీరూ అట్లనే అనుండ్రి" అంది. విహారానికి ఎప్పుడొస్తావని అడిగితే చూస్తానంది. ఇంకా రాలేదు. బుద్ధ పూర్ణిమకి మళ్ళీ ఫోన్ చేస్తాను.