చప్పట్ల మధ్య కదలని మనసు

కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'లో నాట్యాచార్యుడు గణదాసు ఒక మాటంటాడు: రుచులు వేరువేరుగా ఉన్న జనాన్ని ఒక్కచోట చేర్చి అలరించగలిగేది నాట్యమేనని. నాటకాన్ని ప్రేమించేవాళ్లకు ఆ మాట ఎంతో ఇష్టంగా ఉంటుంది. అయితే అది అన్నివేళలా నిజమేనా? లోకమంతా మెచ్చిన ఒక సంగీత నాటకం ముందు, నాటకమంటే ప్రాణం పెట్టే మనిషే ఏ చలనమూ లేకుండా కూర్చుండిపోతే, ఆ మాటనూ ఆ మనిషినీ ఆ నాటకాన్నీ కూడా మనం పరీక్షించక తప్పదు.

'లే మిజరాబ్ల్'నే తీసుకుందాం. విక్టర్ హ్యూగో నవల 1862లో వచ్చింది. తెలుగువారికి ఆ కథ 1950లో చిత్తూరు నాగయ్య నటించిన 'బీదల పాట్లు' సినిమాగా తెలుసు. క్లోడ్ మిషెల్ షోన్‌బెర్గ్ సంగీతం, అలెన్ బూబ్లిల్ పాటలతో ఆ నవల 1980లో పారిస్‌లో రంగస్థలమెక్కింది. 1985 అక్టోబరులో లండన్ బార్బికన్‌లో ఆంగ్ల రూపం మొదలైనప్పుడు విమర్శకుల్లో చాలామంది పెదవి విరిచారు. జనం మాత్రం టిక్కెట్ల కోసం ఎగబడ్డారు. నలభై ఏళ్లు దాటినా లండన్‌లో ఆ నాటకం ఆడుతూనే ఉంది.

మరి ఆనాటి విమర్శకులు తప్పు చేశారా? అలా తేల్చేయడం సులువు. కానీ ఎంతమంది చూశారన్నది ఆ నాటకం ఎంతమందికి ఏదో ఇచ్చిందని చెబుతుంది గానీ, ఏమిచ్చిందో చెప్పదు. జనం మెచ్చింది కాబట్టి నాసిరకమై ఉంటుందన్న వాదనకూ ఇంతకంటే బలం లేదు. పదిమందిలో ఒంటరిగా నిలబడటంలో కొంత సుఖం ఉంది. ఆ సుఖాన్ని వివేకమని పొరబడే ప్రమాదమూ ఉంది. కనుక నచ్చలేదన్న మనిషిని మెచ్చుకోకుండా, నిందించకుండా, ఎందుకు నచ్చలేదని అడగడమే మనం చేయదగ్గ పని.

సాధారణంగా వినిపించే మొదటి కారణం, మాట్లాడాల్సిన చోట పాడటం అసహజమని. ఇది ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'హరిశ్చంద్ర'లో కాటి సీను చూసి కళ్లు తుడుచుకున్న తరాలు మన దగ్గర ఉన్నాయి. శ్మశానంలో రాగం తీయడం అసహజమని వాళ్లకు తోచలేదు. పైగా వన్స్ మోర్ అన్నారు. ఆ పద్యాలకు కరిగే మనిషే లండన్ నాటకంలో పాట అసహజమన్నాడంటే అతని అయిష్టానికి అసలు కారణం పాట కాదు. ఏ ఆచారంలో పెరిగామో అది సహజంగానూ, మిగిలినవి కృత్రిమంగానూ కనిపిస్తాయి. ఈ కారణాన్ని ఇక్కడితో వదిలేయవచ్చు.

అంతకంటే గట్టి కారణం ఒకటుంది. కథలో జాన్ వాల్‌జాన్ రొట్టె దొంగిలించి పందొమ్మిదేళ్లు శిక్ష అనుభవించినవాడు. పేరు మార్చుకుని, ఫ్యాక్టరీ పెట్టి, ఒక ఊరికి మేయరవుతాడు. ఇంతలో మరెవరినో వాల్‌జాన్ అనుకుని పట్టుకున్నారని, ఆర్రాస్ పట్టణంలో విచారణ జరగబోతోందని తెలుస్తుంది. నోరు విప్పితే తాను జైలుపాలవుతాడు, తన మీద ఆధారపడిన ఊరు చితికిపోతుంది. మౌనంగా ఉంటే ఏ పాపమూ తెలియనివాడు బలైపోతాడు. అంతరాత్మకు ఇంతకంటే కఠినమైన పరీక్షను ఊహించడం కష్టం.

రంగస్థలం మీద ఆ పరీక్ష ఒక్క పాటలో ముగుస్తుంది. స్వరం మెట్టుమెట్టుగా పైకి వెళుతుంది. శిఖరం మీద అతను తన పేరు ప్రకటిస్తాడు, హాలు మారుమోగుతుంది. నవలలో అలా కాదు. అతను రాత్రంతా గదిలో పచార్లు చేస్తాడు. తన జీవితాన్ని మార్చిన బిషప్ ఇచ్చిన వెండి దీపస్తంభాలను నిప్పులో పడేయబోతాడు. తెల్లవారినా ఏమీ తేలదు. నిర్ణయం లేకుండానే ఆర్రాస్‌కు బయలుదేరుతాడు. దారిలో బండి చక్రం దెబ్బతింటుంది, ఆ రోజుకు బాగుకాదని పనివాడు చెబుతాడు. అప్పుడు అతనికి కలిగేది ఎంతో ఊరట! తాను చేయగలిగింది చేశాడు, ఇక తప్పు తనది కాదు. అంతలో ఆ మాటలు విన్న ఒక కుర్రవాడు పరుగెత్తి వెళ్లి, బండి ఉన్న ఒక ముసలమ్మను వెంటబెట్టుకొస్తాడు. అతను వణికిపోతాడు. చివరికి న్యాయస్థానం తలుపు దాకా వెళ్లి, వెనక్కి పారిపోయి, మళ్లీ వస్తాడు.

మంచి పని ముందు నిలబడ్డ మనిషి నిజంగా ఇలాగే ఉంటాడని నేను నమ్ముతాను. మనలో చాలామందికి ఆ ఊరట తెలుసు. రైలు తప్పిపోయినందుకు, ఫోను కలవనందుకు లోలోపల తేలికపడిన క్షణాలు ఎవరికి లేవు? సంగీతం ఆ ఊరటకు సందు లేకుండా చేస్తుంది. స్వరం పైకి వెళుతోందంటే అతను ధర్మం వైపే వెళుతున్నాడని మనకు ముందే తెలిసిపోతుంది. ఏం అనుభవించాలో వాద్యబృందం చెప్పేశాక, మనంతట మనం తడబడే అవకాశం ఉండదు. ఈ తడబాటు కోసమే నాటకానికి వెళ్లే ప్రేక్షకుడు హాలులో ఒంటరివాడైతే, అది అతని మనసు బండబారిందనడానికి గుర్తు కాదు.

అయితే దీనికి ఎదురు వాదన కూడా వినాలి. మొదటి అంకం చివర ప్రేమికులు, విప్లవకారులు, పోలీసు, దొంగ, పలాయితుడు అందరూ ఒకేసారి, ఒకే రేపటి గురించి వేరువేరు ఆశలతో పాడతారు. నవల వాక్యం తర్వాత వాక్యంగానే నడవగలదు, పది మనసులను ఒక్క క్షణంలో వినిపించలేదు. సంగీత నాటకం ఆ పని చేస్తుంది. ఒక సమాజం ఎలా ఉంటుందో, ఒకరి కోరిక మరొకరి భయంతో ఎలా పెనవేసుకుంటుందో చెవికి తెలిసేలా చేయడం చిన్న విషయం కాదు. నచ్చనివాడు ఇది గమనించకపోతే అతని పరిశీలన సగమే.

బీదల బాధకు ఖరీదైన సీట్లలో కూర్చుని ఏడవడం ఏం నీతి అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే, కానీ అది ఒక్క ఈ నాటకానికే తగిలేది కాదు. హ్యూగో పుస్తకాన్ని పడక్కుర్చీలో చదివినవాడికీ తగులుతుంది. హాలు దాటాక ఆ కన్నీళ్లు ఎటు వెళ్లాయన్నది ఎవరికి వారు చూసుకోవలసిన లెక్క. ఇతరుల కన్నీళ్లు నకిలీవని తీర్పు చెప్పే అధికారం మనకెక్కడిది?

నాట్యశాస్త్రం ఉత్తమ ప్రేక్షకుడిని వర్ణిస్తూ, పాత్ర సంతోషిస్తే సంతోషించేవాడు, దుఃఖిస్తే దుఃఖించేవాడు అంటుంది. అదే గ్రంథం, అన్ని గుణాలూ ఒక్కడిలో ఉండవనీ, వయసును బట్టి, స్వభావాన్ని బట్టి మనుషులకు వేరువేరు సంగతులు నచ్చుతాయనీ ఒప్పుకుంటుంది. నాకు ఈ రెండో మాట విలువైనదిగా తోస్తుంది. తెర పడ్డాక అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే, కదలని మనసుతో లేచి నిలబడాలా? నటుల శ్రమకు గౌరవంగా నిలబడవచ్చు, అందులో అబద్ధం లేదు. బయటికొచ్చాక మిత్రుడు ఎలా ఉందని అడిగితే మాత్రం, అద్భుతమని చెప్పడం అతన్ని గౌరవించడం కాదు. అతనికేం దొరికిందో ముందు అడిగి వినాలి, తర్వాత మనకేం దొరకలేదో చెప్పాలి.

అతను బహుశా, పాటలోని కాలం గడియారపు కాలం కాదనీ, నాలుగు నిమిషాల్లో ఒక రాత్రంతా ఇముడుతుందనీ అంటాడు. హరిశ్చంద్రుడి రాగాన్ని ఒప్పుకున్న మనం ఆ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం. అయినా, దెబ్బతిన్న చక్రం దగ్గర వాల్‌జాన్‌కు కలిగిన ఊరట ఆ పాటలో ఎక్కడ వినిపించిందని అతన్ని అడుగుతాం.