జర్మను సైనికుని జీతపు పుస్తకము

రెండవ ప్రపంచ సంగ్రామమున జర్మను సైనికుడు ప్రతివాడును తన చొక్కాజేబులో నొక చిన్న పుస్తకము నుంచుకొనవలసియుండెను. దాని పేరు సోల్డ్‌బుహ్. జీతపు పుస్తకమని యర్థము. జీతపు లెక్కకే గాక, ఆ మనిషి ఫలానా యని నిరూపించు పత్రముగను అది చెల్లుచుండెను. యుద్ధము ముగిసి 80 ఏండ్లు దాటినను ఈ పుస్తకములు వేలములలో నమ్ముడగుచునే యున్నవి. వీనిని కొని, దాచి, ఒక్కొక్క ముద్రను విప్పి చదువువారు అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశములలో పెక్కుమంది గలరు. హిట్లరు సేనలోనివారి కాగితములను భద్రపరచుట ధర్మమా యని యడుగువారును గలరు. ఆ ప్రశ్నను మేము త్రోసివేయము. కాని పుస్తకములో నేమున్నదో తెలియక తీర్పు చెప్పరాదు.

తొలి పుటలో పేరు, హోదా, మెడలోని బిళ్ళపై చెక్కిన గుర్తు, రక్తపు వర్గము, విషవాయువు సోకకుండ తొడుగుకొను ముసుగు కొలత. తరువాత పుట్టిన యూరు, మతము, వృత్తి, పొడవు, కన్నుల వన్నె, జోళ్ళ కొలత. ఆపై భార్య చిరునామా, తల్లిదండ్రుల చిరునామా. ఇచ్చిన చొక్కాలెన్ని, మేజోళ్ళెన్ని, వేసిన టీకాలేవి, ఆసుపత్రిలో నున్న దినములెన్ని, సెలవుపై నింటికి పోయినదెప్పుడు — అన్నిటికిని గడులు గలవు. వ్యాధి పేరు వ్రాయక దానికొక సంఖ్య వేయుదురు. ముద్రలలో దళము పేరు దాచి యుద్ధరంగపు తపాలా సంఖ్య మాత్రమే చూపుటయు గలదు. వయసు మళ్ళిన గుమాస్తాలు పాత జర్మను వ్రాతలో వ్రాసిరి. 1941లో దానిని బడులనుండి తొలగించినందున నేటి జర్మను యువకులకే యది కొరుకుడుపడదు. మన కరణముల గొలుసుకట్టు వ్రాత మన పిల్లలకెట్లో అదియు వారికట్లే.

వేర్‌పాస్ అను రెండవ పుస్తకము గలదు. సైనికుడు కొలువులో నున్నంతకాల మది దళపు కచేరీలో నుండును. అతడు పాల్గొన్న యుద్ధముల పట్టిక యందే యుండును. అతడు మడిసినచో దానిని ఇంటివారికి పంపుదురు. 1945 ఏప్రిలులో పోట్స్‌డాం నగరముపై బాంబులు పడి సైన్యపు దస్తావేజుల భాండారము తగులబడుటచే, పలువురి చరిత్రకు ఈ చిన్న పుస్తకములే ముఖ్యసాక్షులై మిగిలినవి. ఇట్టి సాక్ష్యమును నిప్పులో వేయుటకంటె దాచుటయే మేలని మా యభిప్రాయము.

చిక్కు దాచుటలో లేదు, చదువుటలో నున్నది. జోళ్ళ కొలతయు తల్లి చిరునామాయు చదివినవానికి ఆ సైనికుడు పొరుగింటి కుర్రవానివలె తోచును. ఆ జాలి తప్పు కాదు. కాని జాలి వెంటనే మరియొక మాట వచ్చును: ఇందులో చెడు ఏదియు లేదు గదా, వీడు నిర్దోషి యని. మన మీమాంసకులు అనుపలబ్ధి యను ప్రమాణమును విచారించిరి. దీపమున్న గదిలో కుండ కనబడనిచో కుండ లేదని నిశ్చయింపవచ్చును. చీకటిగదిలో కనబడలేదు గనుక లేదనువాడు నవ్వులపాలగును. ఉన్నయెడల కనబడదగిన చోటనే కనబడకుండుట ప్రమాణము. ఈ పుస్తకమున మేజోళ్ళకు గడి యున్నది. చంపినవారికి గడి లేదు. ప్రభుత్వము ఆ మనిషికేమి యిచ్చెనో అది చెప్పును గాని, అతడు లోకమునకేమి చేసెనో చెప్పదు.

1941 సెప్టెంబరు 19వ తేదీన జర్మను సేన కీవ్ నగరమును పట్టుకొనెను. ఆ పోరులో నున్నవారి వేర్‌పాస్‌లలో కీవ్ యుద్ధము పేరు కనబడును. అదే నెల 29, 30 తేదీలలో ఆ నగరపు అంచున బాబీ యార్ అను లోయలో 33,771 మంది యూదులను కాల్చిచంపిరి. కాల్చినవారు ఎస్.ఎస్. దళమువారును పోలీసులును, కాని యూదులెల్లరును ఫలానా వీధికి రావలెనని గోడల కంటించిన ప్రకటనలను అచ్చొత్తినవారు ఆరవ సైన్యమువారు. దీనికి వేర్‌పాస్‌లో గడి లేదు. అట్లని కీవ్‌లో నున్న ప్రతివాడును హంతకుడనుటయు న్యాయము కాదు. ఆసుపత్రి పుట చూచినచో ఆ వారము జ్వరముతో పడియుండెనేమో! పుస్తకము తేదీని, దళమును ఇచ్చును. వానిని పట్టుకొని ఇతర గ్రంథములకును, న్యాయస్థానముల పత్రములకును పోవుటే చదువరి పని. అట్లు పోనివాడు సేకరించునది కాగితము మాత్రమే.

వ్యాపారుల తీరు వేరు. పతకములు గల పుస్తకమునకు, ఎస్.ఎస్. వాని పుస్తకమునకు హెచ్చు ధర. వంటవాని పుస్తకము చౌక. అందుచే మోసగాండ్రు సామాన్యుని పుస్తకమున లేని పతకములను చేర్చుచున్నారు. చచ్చినవానికి కొత్త పరాక్రమమును అంటగట్టి సొమ్ము చేసికొను ఈ విద్యను దొంగతనమనుట చాలదు.

విల్నా నగరమున ఆంటోన్ ష్మిడ్ అను నొక చిన్న సైనికోద్యోగి యుండెను, వియెన్నావాడు. యూదులను సైన్యపు లారీలలో నెక్కించి చావునుండి దాటించెను. ఒక యూదునికి సైనికుని దుస్తులు తొడిగి, మరియొక సైనికుని పేరనున్న జీతపు పుస్తకమును చేతికిచ్చి కాపాడెను. ఏ పుస్తకమును మనము సత్యమునకై వెదకుచున్నామో, ఆ పుస్తకమందలి యబద్ధమే ఆ మనిషిని బ్రదికించినది. 1942 ఏప్రిలు 13వ తేదీన ష్మిడ్‌ను కాల్చివేసిరి. అతడు చేసినదానికిని ఆ పుస్తకములలో గడి లేదు.