వెలగని దీపం దేనికి సాక్ష్యం?

గాత్రం నుంచో వాద్యం నుంచో వచ్చే విద్యుత్ సంకేతాన్ని అంకెలుగా మార్చి, వాటిమీద గణితం నడిపి, విశాలమైన మందిరపు అనురణనాన్నో విడివిడి ప్రతిధ్వనులనో చేర్చి మళ్ళీ సంకేతంగా బయటికి పంపే యంత్రమే డిజిటల్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్. 1985లో యమహా సంస్థ తెచ్చిన ఎస్‌పీఎక్స్ 90 వీటిలో ప్రసిద్ధమైనది. దాని ముందు పలక మీద ఇన్‌పుట్ లెవెల్ నాబ్, లోపలికి వచ్చే సంకేతపు బలాన్ని చూపే చిన్న దీపాల వరుస, విలువలు కనిపించే తెర, ఎఫెక్ట్‌ను పక్కకు తప్పించే బైపాస్ మీట ఉంటాయి. ఇవేవీ ధ్వని కావు, ధ్వనిని గురించి చెప్పే గుర్తులు మాత్రమే. కనబడే గుర్తును బట్టి కనబడని దాన్ని నిశ్చయించడం ఎప్పుడు చెల్లుతుందో న్యాయదర్శనం శతాబ్దాల పాటు విచారించింది. ఆ విచారణకు ఈ పలక చక్కగా లోబడుతుంది.

పదహారు బిట్ల యంత్రంలో సంకేతాన్ని కొలవడానికి 65,536 మెట్లే ఉంటాయి. అన్నిటికంటే పై మెట్టును దాటిన ప్రతి తరంగ శిఖరమూ అక్కడే చదునుగా తెగిపోతుంది, తెగిన భాగం ఎంత ఎత్తు ఉండేదో ఆ అంకెల్లో ఎక్కడా మిగలదు. దీన్నే క్లిప్పింగ్ అంటారు. వరుస చివరి ఎర్రదీపం దీన్ని గురించి హెచ్చరించడానికే ఉంది. ఇక్కడ దీపం హేతువు, అంటే సాధనంగా నిలిచే గుర్తు. క్లిప్పింగ్ సాధ్యం, అంటే నిరూపించదలచినది. హేతువున్న ప్రతిచోటా సాధ్యం తప్పక ఉండటం వ్యాప్తి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ఈ వ్యాప్తిని దెబ్బతీసే ఉపాధిని గురించి వివరిస్తుంది. సాధ్యమున్న ప్రతిచోటా ఉంటూ, హేతువున్న ప్రతిచోటా ఉండనిదే ఉపాధి. పర్వతం మీద నిప్పు ఉంది గనుక పొగ కూడా ఉండాలనే వాదంలో తడి కట్టెల సంయోగం అటువంటి ఉపాధి. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నా తడి కట్టె లేదు, పొగా లేదు. చాలా యంత్రాలలో ఎర్రదీపం పరిమితికి కొన్ని డెసిబెల్స్ ముందే వెలిగేలా అమర్చి ఉంటుంది కాబట్టి, దీపం వెలిగింది గనుక శిఖరం తెగిందనే అనుమానంలోనూ, అంటే గుర్తును బట్టి చేసే ఊహలోనూ, పరిమితి దాటడం అనే ఉపాధి దాగి ఉంది.

అంతకంటే ప్రమాదకరమైనది దీనికి విలోమమైన అనుమానం. దీపం వెలగలేదు గనుక ధ్వని చెడలేదని అనుకోవడం స్టూడియోలలో సర్వసాధారణం. కానీ ముందున్న మైక్ ప్రీయాంప్‌లోనే చెడిన గాత్రం తక్కువ లెవెల్‌లో ఈ యంత్రంలోకి వస్తే దీపాల వరుస సగం కూడా నిండదు. ఫీడ్‌బ్యాక్ అతిగా పెంచిన డిలేలో ప్రతిధ్వనులు ఒకదానిమీద ఒకటి పేరుకొని లోపలి లెక్కల్లో పరిమితి దాటినా, ఇన్‌పుట్ వరకే చూసే దీపానికి ఆ సంగతి తెలియదు. దీపాన్ని పొగ అనుకుంటే, పొగ లేని నిప్పు ఇక్కడ ప్రత్యక్షంగా దొరుకుతుంది. తెర మీది అంకెల విషయం దీనికంటే సరళమైనది: రివర్బ్ టైమ్, అంటే అనురణనం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలం, ఇన్ని సెకన్లని తెర చెప్పినప్పుడు వినియోగదారుడు నమ్మేది యంత్రాన్ని రూపొందించినవారి ఆప్తవాక్యాన్ని, అంటే విశ్వసనీయుల మాటను.

బైపాస్ మీట నొక్కినప్పుడు వెలిగే దీపం మరింత లోతైన చర్చను రేపుతుంది, ఎందుకంటే అది వెలిగి ఎఫెక్ట్ యొక్క అభావాన్ని, అంటే లేకపోవడాన్ని చెబుతుంది. లేనిది ఎలా తెలుస్తుంది? అభావాన్నీ ఇంద్రియమే గ్రహిస్తుందని నైయాయికులు అంటారు. కనబడకపోవడం, వినబడకపోవడం అనే అనుపలబ్ధి వేరొక ప్రమాణమని, అంటే జ్ఞానసాధనమని, కుమారిల భట్టు అనుయాయులైన మీమాంసకులూ, అలాగే అద్వైతులూ అంటారు. ఉంటే తెలిసి ఉండేదే అన్న యోగ్యత కావాలనడంలో మాత్రం ఇరుపక్షాలకూ భేదం లేదు. గాయకుడు పాడుతుండగా బైపాస్ నొక్కితే గొంతు వెనుక మందిరం మాయమవుతుంది, ఆ వినబడకపోవడం గట్టి ప్రమాణం. సంకేతమే రాని నిశ్శబ్దంలో రివర్బ్ ఉన్నా వినబడదు గనుక వినబడకపోవడం దేనినీ రుజువు చేయదు. అప్పుడు మిగిలేది వెలిగిన దీపం ఒక్కటే. పాట మొదలుకాకముందే ఎఫెక్ట్ తొలగిందని నిశ్చయించుకున్న ఇంజినీరు జ్ఞానం, మొదటి స్వరం చెవిన పడేవరకు, ఉపాధి శంక తీరని అనుమితిగానే, అంటే గుర్తును బట్టి ఊహించిన జ్ఞానంగానే ఉంటుంది.