బరువు తగ్గించే మందు - మన సంయమనం

ఎవరైనా లావు తగ్గడానికి మందు వాడుతున్నారని తెలిస్తే, "నోరు కట్టుకోలేక సూది వేయించుకుంటున్నారు" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఈ మాట న్యాయమైనదేనా? కాస్త ఆలోచిద్దాం.

దైవప్రవక్త (సఅసం) మితాహారాన్ని బోధించారు. జబ్బు చేస్తే చికిత్స చేయించుకోమని కూడా ఆదేశించారు. ఒక బోధనను పట్టుకుని మరోదాన్ని వదిలేయడం మనకు తగదు.

వారానికొకసారి తీసుకునే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు 2025లో మన దేశంలో విడుదలయ్యాయి. పేగుల్లో సహజంగా పుట్టే హార్మోనులా పనిచేసి, కడుపు నిండిందన్న సంకేతాన్ని ఇవి మెదడుకు అందిస్తాయి. 2021లో వెలువడిన పరిశోధనలో వెగోవీ మందు వాడినవారి బరువు 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం తగ్గింది. మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. అంటే ఆకలి కేవలం మనోబలానికి సంబంధించినది కాదు, శరీరతత్వానికి సంబంధించినది కూడా. కోరుట్ల, మెట్‌పల్లిలో రోజంతా కూర్చుని బీడీలు చుట్టే సోదరి లావెక్కితే ఆమెను తిండిపోతు అనడం ఎంత అన్యాయం! స్థూలకాయంతో మధుమేహం, మోకాళ్ళ నొప్పులు అనుభవించేవారు వైద్యుని సలహాపై ఈ మందు వాడితే అది చికిత్సే. సిగ్గుపడవలసిన పని కాదు.

అలాగని అందరికీ ఇది సమ్మతమే అనుకోరాదు. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి పెళ్ళిచూపుల కోసం డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి మందు ఇప్పించడం తప్పు. శరీరం మన దగ్గరున్న దైవ అమానతు. ఈ మందులతో వాంతులు, మలబద్ధకం, అరుదుగా క్లోమవాపు రావచ్చు. బరువు తగ్గించే సిబుట్రమైన్ మాత్రలను గుండెకు ముప్పని తేలాక 2011లో మన ప్రభుత్వం నిషేధించింది. పిల్లను తూకం వేసి చూసే పెళ్ళివారే ఈ పాపంలో మొదటి భాగస్వాములు.

మరో విషయం. 2019-21 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు అధిక బరువుతో ఉంటే, దాదాపు ఇద్దరు ఉండవలసినదానికన్నా తక్కువ బరువుతో ఉన్నారు. కరీంనగర్ ఫంక్షన్‌హాళ్ళలో బిర్యానీ పళ్ళేలకొద్దీ పారేస్తున్నాం. అదే సమయంలో ఉట్నూరు ఏజెన్సీ గూడేల్లో పోషకాహారం చాలని పిల్లలున్నారు. సంయమనం గురించి మాట్లాడవలసింది రోగి దగ్గర కాదు, మన విందుల దగ్గర.

మందు ఆకలిని తగ్గిస్తుంది. దుబారాను, ఎగతాళిని తగ్గించుకోవలసింది మనమే. ఆ సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.